రైతుమిత్రుడు అగొస్తీనో బాస్సీ

నల్లమల కొండలకు పడమటి దిక్కున, కుందూ నదికి ఇరుప్రక్కలా పరచుకొన్న సారవంతమైన నేల నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం. తుంగభద్ర నదిపై సుంకేసుల వద్ద మొదలైన కర్నూలు-కడప కాలువ ఈ ప్రాంతపు పొలాలను తడుపుతూ దక్షిణంగా సాగిపోతుంది. నంద్యాల నుండి ఆళ్లగడ్డ వరకు ఉన్న సుమారు 40 కిలోమీటర్ల దారిలో వరి, పత్తి, మిరప, శనగ పైర్లు ఋతువును బట్టి కనువిందు చేస్తాయి. పైరు ఉన్నచోట పురుగూ ఉంటుంది. దానిని అదుపు చేయడానికి రైతుకు అందుబాటులో ఉన్న సాధనాలలో ఒకటి తెల్లని మెత్తని పొడి. నీటిలో కలిపి సాయంకాలం వేళ పైరుపై పిచికారీ చేసే ఆ పొడిలో ఉండేది రసాయన విషం కాదు, కంటికి విడివిడిగా కనిపించని ఒక బూజు సిద్ధబీజాలు. ఆ బూజు పేరు బవేరియా బాసియానా. ఆ పేరులోని రెండవ మాట వెనుక ఒక మనిషి జీవితం ఉంది. న్యాయశాస్త్రం చదివి, వ్యవసాయం చేసి, చూపు మందగించినా పరిశోధన విడువక, లోకానికి ఒక గొప్ప సత్యాన్ని చాటిన ఆ మహనీయుడు ఇటలీ దేశస్థుడైన అగొస్తీనో బాస్సీ.

బాస్సీ 1773 సెప్టెంబరు 25న ఉత్తర ఇటలీలోని లొంబార్దీ ప్రాంతంలో, లోదీ పట్టణానికి సమీపాన ఉన్న మైరాగో గ్రామంలో జన్మించాడు. లోదీ సీమ కూడా కాలువల సీమయే. అద్దా నది నీటిని మధ్యయుగాలలోనే ముజ్జా అనే పెద్ద కాలువ ద్వారా అక్కడి పొలాలకు మళ్లించారు. నీటి వసతి వల్ల ఆ నేల పచ్చిక బయళ్లతో, పాడి పశువులతో కళకళలాడేది. పొలం గట్ల వెంట మల్బరీ చెట్లు వరుసలు తీరి ఉండేవి. ఆ చెట్ల ఆకులతో రైతు కుటుంబాలు ఇండ్లలోనే పట్టుపురుగులను పెంచేవి. కొన్ని వారాల శ్రమతో చేతికి వచ్చే పట్టుగూళ్లు పేద కుటుంబాలకు రొక్కం తెచ్చిపెట్టే పంట. కౌలు చెల్లించడానికీ, అప్పు తీర్చడానికీ చాలామందికి అదే ఆధారం. పట్టుపురుగు చనిపోతే ఆ ఇంటి ఏడాది లెక్క తారుమారయ్యేది.

బాస్సీ తండ్రి కుమారుడు న్యాయశాస్త్రం చదవాలని కోరుకొన్నాడు. తండ్రి కోరిక మేరకు బాస్సీ పావియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అయితే ఆయన మనసు ప్రకృతి శాస్త్రాల మీదనే ఉండేది. ఆ కాలంలో పావియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులకు నిలయం. విద్యుత్తుపై ప్రయోగాలు చేసిన వోల్టా, జీవుల పుట్టుకపై పరిశోధించిన స్పల్లంజానీ అక్కడ ఆచార్యులు. న్యాయశాస్త్ర గ్రంథాలతోపాటు బాస్సీ ఇటువంటి వారి ఉపన్యాసాలను కూడా శ్రద్ధగా విన్నాడు. మాటను నమ్మే ముందు ప్రయోగంతో పరీక్షించాలన్న పాఠం ఆయనకు అక్కడే వంటబట్టింది. 1798లో ఆయన న్యాయశాస్త్రంలో పట్టం పుచ్చుకొన్నాడు.

అవి ఇటలీలో కల్లోలం చెలరేగిన రోజులు. 1796లో నెపోలియన్ సైన్యం లోదీ వంతెన వద్ద ఆస్ట్రియా సేనను ఓడించి లొంబార్దీని ఆక్రమించింది. చదువు ముగిసిన తరువాత బాస్సీ ఫ్రెంచివారి ఏలుబడిలో లోదీలో పరిపాలనా ఉద్యోగాలు నిర్వహించాడు. ఉద్యోగంలో ఆయనకు మంచి భవిష్యత్తు ఉండేది. కాని యౌవనంలోనే ఆయన కంటిచూపు క్షీణించసాగింది. కాగితాల మీద అక్షరాలు కూడగట్టుకొని చదవడం కష్టమైపోయింది. తుదకు ఉద్యోగం విడిచి, సొంత భూమిని సాగుచేయడానికి ఆయన పల్లెకు చేరుకొన్నాడు. ఒకరికిది పరాజయంగా తోచవచ్చు. బాస్సీకి మాత్రం పొలమే ప్రయోగశాల అయింది. గొర్రెల పెంపకం, బంగాళాదుంప సాగు, జున్ను తయారీ, ద్రాక్షసారా తయారీ మొదలైన విషయాలను స్వయంగా పరీక్షించి, తెలిసిన సంగతులను రైతులకు ఉపయోగపడేలా గ్రంథాలుగా రాశాడు.

ఆ రోజులలో పట్టు రైతులను ఒక భయంకరమైన రోగం పీడిస్తూండేది. ఆ రోగం సోకిన పురుగు ఆకు తినడం మానివేసి, కదలిక తగ్గి చనిపోయేది. చచ్చిన తరువాత కుళ్లిపోక, గట్టిపడి, పైన సున్నం పూసినట్లు తెల్లగా మారేది. అందువల్ల ఇటలీ రైతులు దానికి సున్నం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. తెలుగునాట పట్టు రైతులు కూడా అదే పోలికతో ఆ రోగాన్ని సున్నపుకట్టు అంటారు. ఆ రోజులలో ఆ రోగం ఎందుకు వస్తుందో ఎవరికీ తెలియదు. గాలి చెడిందని కొందరు, ఆకు చెడిందని కొందరు, వాతావరణ దోషమని మరికొందరు భావించేవారు. పురుగు శరీరంలో దానంతట అదే రోగం పుడుతుందన్నది పండితుల అభిప్రాయం. కారణం తెలియని కష్టానికి మందు దొరకదు. రైతులు తట్టలకు తట్టలుగా చచ్చిన పురుగులను పారబోసి, మరుసటి ఏడు మళ్లీ అదే ఇంట్లో, అవే తట్టలతో పెంపకం మొదలుపెట్టేవారు. రోగం మళ్లీ వచ్చేది.

1807లో బాస్సీ ఈ రోగ రహస్యాన్ని తెలుసుకోవాలని సంకల్పించాడు. ఆయన కూడా మొదట అందరిలాగే రోగం పురుగులోనే పుడుతుందని నమ్మాడు. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న పురుగులలో రోగాన్ని పుట్టించాలని ప్రయత్నించాడు. పురుగులకు రకరకాల ఆహారం పెట్టాడు. కొన్నింటిని ఆమ్లాలకు, కొన్నింటిని వాయువులకు గురిచేశాడు. చలిలో ఉంచి చూశాడు, వేడిలో ఉంచి చూశాడు. పురుగులు చనిపోయాయి గాని సున్నపుకట్టు మాత్రం రాలేదు. వేడి తగిలించి ఎండబెట్టిన పురుగులు కొన్ని పైకి సున్నపుకట్టు సోకినట్లే గట్టిపడ్డాయి. కాని వాటి నుండి మరొక పురుగుకు రోగం అంటలేదు. చూడడానికి రోగంలాగా ఉన్నంత మాత్రాన అది ఆ రోగం కాదని ఆయన గ్రహించాడు.

ఈ విధంగా ఏళ్లు గడిచిపోయాయి. చేసిన ప్రయోగమల్లా విఫలమైంది. ధనం కరిగిపోయింది. కంటిచూపు మరింత తగ్గింది. 1816 నాటికి బాస్సీ తీవ్రమైన నిరాశకు లోనయ్యాడు. ఇన్నేళ్ల శ్రమ వ్యర్థమయిందన్న బాధ ఆయనను క్రుంగదీసింది. అయినా ఆయన తన పాత నమ్మకాన్ని తానే ప్రశ్నించుకొన్నాడు. రోగం లోపల పుట్టకుండా బయటి నుండి వస్తున్నదేమోనన్న ఆలోచన ఆయనను మళ్లీ పట్టుపురుగుల తట్టల వద్దకు నడిపించింది. తప్పుడు దారిలో నడిచానని తెలిసినప్పుడు వెనుకకు వచ్చి కొత్త దారి పట్టడం సులభం కాదు. ఆ కష్టమైన పనిని ఆయన చేశాడు.

ఈసారి ఆయన చచ్చిన పురుగు మీది తెల్లని పొడిపై దృష్టి నిలిపాడు. ఆ పొడిని ఆరోగ్యంగా ఉన్న పురుగులకు తాకించాడు. సూదిమొనతో వాటి చర్మంలోకి ఎక్కించాడు. కొన్ని రోజులలోనే అవి చనిపోయి సున్నంలా తెల్లబడ్డాయి. వాటి పొడి మరికొన్ని పురుగులకు అంటింది. పట్టుపురుగులకే గాక ఇతర కీటకాలకు కూడా రోగం సోకింది. మరొక ముఖ్యమైన సంగతిని కూడా ఆయన గమనించాడు. పురుగు చచ్చి, దానిపై తెల్లని పూత ఏర్పడేదాకా దాని నుండి రోగం వ్యాపించదు. గాలిలో తేమ ఉంటేనే ఆ పూత బాగా పెరుగుతుంది. దీనినిబట్టి ఆ తెల్లని పూత ఒక జీవి అనీ, అది శిలీంధ్ర జాతికి చెందిన సూక్ష్మమైన వృక్షమనీ, పొడి దాని విత్తనాల వంటిదనీ ఆయన నిర్ధారించాడు. అది పురుగు లోపలికి చొచ్చుకొని, దాని శరీరాన్నే ఆహారంగా తిని, దానిని చంపి, మళ్లీ బయటికి వచ్చి విత్తనాలు వెదజల్లుతుంది. రోగం గాలి దోషమూ కాదు, ఆకు దోషమూ కాదు. ఒక ప్రాణి మరొక ప్రాణిలో పెరగడమే ఆ రోగం.

ఈ సత్యాన్ని ఆయన వెంటనే ప్రకటించలేదు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించాడు. 1834లో పావియా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం ఎదుట తన ప్రయోగాలను చేసి చూపాడు. ఏ విద్యాలయంలో ఆయన న్యాయశాస్త్ర విద్యార్థిగా అడుగుపెట్టాడో, అదే విద్యాలయం ఆయన శాస్త్ర సత్యాన్ని పరిశీలించి ధ్రువీకరించింది. 1835లో తన పరిశోధనల సారాన్ని గ్రంథంగా ప్రకటించి, మరుసటి ఏడు దాని రెండవ భాగాన్ని వెలువరించాడు. అప్పటికి పరిశోధన ప్రారంభించి సుమారు పాతికేళ్లకు పైగా గడిచాయి. ఆ శిలీంధ్రాన్ని పరిశీలించిన బాల్సమో క్రివెల్లీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు దానికి బాస్సీ గౌరవార్థం ఆయన పేరు పెట్టాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వ్యూయెమాఁ 1912లో దానిని బవేరియా అనే ప్రజాతిలో చేర్చాడు. అది జాన్ బోవెరీ అనే మరొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేరు మీద ఏర్పడిన మాట. ఈ విధంగా బవేరియా బాసియానా అన్న నేటి పేరు స్థిరపడింది.

బాస్సీ రోగ కారణాన్ని చెప్పి ఊరుకోలేదు. రైతు ఏం చేయాలో కూడా చెప్పాడు. పెంపకపు గదులను, తట్టలను, పనిముట్లను శుభ్రం చేయాలి. మరిగే నీటితోనూ, క్షారద్రవాలతోనూ వాటిని కడగాలి. రోగం సోకిన పురుగులను వేరుచేసి నాశనం చేయాలి. పురుగులను ముట్టుకొనేవారు చేతులు శుభ్రంగా ఉంచుకోవాలి. గదులలో తేమ పెరగకుండా గాలి ఆడనివ్వాలి. కారణం తెలిసిన తరువాత నివారణ ఇంత సులభమయింది.

పట్టుపురుగు రోగంతో మొదలైన ఆయన ఆలోచన అక్కడితో ఆగలేదు. మనుషులకు వచ్చే మశూచి, ప్లేగు, కలరా వంటి అంటురోగాలకు కూడా కంటికి కనిపించని పరాన్నజీవులే కారణమని ఆయన వాదించాడు. ఆ కాలంలో ఈ మాట చాలామంది వైద్యులకు రుచించలేదు. అయినా ఆయన కృషి వృథా కాలేదు. దాని ప్రేరణతో షోన్‌లైన్ అనే వైద్యుడు 1839లో మనిషి తలపై వచ్చే ఒక చర్మరోగానికి శిలీంధ్రం కారణమని గుర్తించాడు. పట్టుపురుగుల మరొక రోగంపై లూయీ పాశ్చర్ 1865లో పరిశోధన ప్రారంభించాడు. కలరాకు కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1884లో మన కలకత్తాలో వేరుచేశాడు. సూక్ష్మజీవులే రోగ కారకాలన్న సిద్ధాంతానికి పాశ్చర్, కాక్‌లు నిర్మించిన భవనానికి పునాదిరాళ్లు వేసినవారిలో బాస్సీ ప్రముఖుడు. ఆ భవనాన్ని చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు. చివరి రోజులలో చూపు దాదాపు పూర్తిగా పోయినా రచన మానని ఆయన 1856 ఫిబ్రవరిలో లోదీ పట్టణంలో, 82 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

బాస్సీ కనుగొన్న శిలీంధ్రం పట్టు రైతుకు శత్రువు. కాని కీటకాన్ని చంపగల ఆ గుణమే ఆహార పంటలు పండించే రైతుకు ఉపయోగపడుతుంది. రోగంతో చచ్చిన కీటకాల నుండి తీసిన ద్రవాన్ని నీటిలో కలిపి ఆకులపై చల్లి హానికర కీటకాలను చంపవచ్చునన్న ఊహ 1836లోనే బాస్సీ చేశాడు. ఆ ఊహకు రూపమివ్వడానికి ప్రయత్నించినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్. ఆయన 1879లో ఒడెస్సాలో గోధుమను నాశనం చేసే పెంకుపురుగులపై మరొక శిలీంధ్రాన్ని ప్రయోగించి చూశాడు. ఆకుపచ్చని పూత ఏర్పరచే ఆ శిలీంధ్రం పేరు మెటారైజియం. 1884లో క్రసిల్షిక్ అనే శాస్త్రజ్ఞుడు దాని సిద్ధబీజాలను పెద్ద ఎత్తున తయారుచేయించాడు. పైర్లకు పట్టిన పురుగులను బూజుతో అదుపు చేసే జీవ నియంత్రణ విధానం ఇట్లా మొదలయింది.

ఈ శిలీంధ్రం పనిచేసే తీరు విచిత్రమైనది. పురుగు దానిని తినవలసిన పనిలేదు. సిద్ధబీజం పురుగు చర్మానికి అంటుకొని, తేమ తగిలి మొలకెత్తుతుంది. చర్మాన్ని కరిగించే ఎంజైములను విడుదల చేస్తూ లోపలికి చొచ్చుకొనిపోతుంది. పురుగు రక్తంలో పెరిగి, పోషకాలను హరించి, విషపదార్థాలను విడుదల చేస్తుంది. కొద్ది రోజులలో పురుగు చనిపోతుంది. వాతావరణంలో తేమ ఉంటే శవం మీద తెల్లని పూత ఏర్పడి, దాని సిద్ధబీజాలు చుట్టుప్రక్కల పురుగులకు సోకుతాయి. రెండు వందల ఏళ్ల క్రితం బాస్సీ తట్టలలో చూసినదీ, నేడు పత్తిచేనులో జరిగేదీ ఒక్కటే.

నంద్యాలలో 1906లో వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఏర్పడింది. పత్తి అభివృద్ధి దాని ముఖ్యమైన కృషి. ఆంధ్రదేశపు రైతులకు సుపరిచితమైన నరసింహ అనే పత్తి రకం అక్కడ రూపొందినదే. అయితే మంచి విత్తనం ఒక్కటే రైతును కాపాడలేదు. 1980 తరువాత శక్తిమంతమైన కొత్త పురుగుమందులు పత్తిచేలలో ప్రవేశించాయి. మొదట పురుగు తగ్గింది. పిచికారీలు పెరిగినకొద్దీ ఆ మందులను తట్టుకొనే శక్తి పురుగులకు వచ్చింది. హాని చేసే పురుగులను తిని బ్రతికే మేలుచేసే కీటకాలు నశించాయి. తెల్లదోమ, శనగపచ్చ పురుగు విజృంభించాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి దెబ్బతిని, అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. 1997-98లో వరంగల్ ప్రాంతం అదే విషాదాన్ని చూసింది. 2002లో బీటీ పత్తి వచ్చి కొంత ఊరట కలిగించినా, కాలక్రమాన గులాబీ రంగు పురుగు దానిని కూడా తట్టుకోగలిగింది. ఒకే ఆయుధాన్ని నమ్ముకొంటే పురుగు దానికి అలవాటుపడుతుందన్న గుణపాఠాన్ని ఈ చరిత్ర నేర్పింది. అందువల్లనే వ్యవసాయ శాస్త్రజ్ఞులు అనేక పద్ధతులను కలిపి పాటించే సమగ్ర సస్యరక్షణను సూచిస్తున్నారు. అందులో వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతోపాటు బవేరియా కూడా ఒకటి.

బవేరియాను వాడేవారు దాని స్వభావాన్ని తెలుసుకొని వాడాలి. అది ప్రాణమున్న పదార్థం. మండుటెండ దాని సిద్ధబీజాలను చంపివేస్తుంది. అందుచేత లీటరు నీటికి సాధారణంగా 5 గ్రాముల చొప్పున కలిపి సాయంకాలం వేళ, గాలిలో తేమ ఉన్నప్పుడు పిచికారీ చేస్తారు. బూజు తెగుళ్లను చంపే రసాయనాలతో కలిపితే అది నశిస్తుంది. కాలం మీరిన పొడి, ఎండలో నిలవచేసిన పొడి పనికిరావు. రసాయనం చల్లిన మరునాడే పురుగులు రాలిపడడం చూసిన కంటికి దీని పని నిదానంగా తోస్తుంది. పురుగు చిన్నదశలో ఉన్నప్పుడే వాడితే ఫలితం బాగుంటుంది. హిందూపురం, మదనపల్లె వంటి పట్టు పరిశ్రమ ప్రాంతాలలో దీనిని వాడడం తగదు. మల్బరీ తోటల దాపున చల్లిన బవేరియా పట్టుపురుగుకు మళ్లీ సున్నపుకట్టు కాగలదు. ఒక రైతుకు రక్ష అయినది మరొక రైతుకు శిక్ష కారాదు.

బాస్సీ కుందూ నదిని ఎరుగడు. నల్లరేగడిలో పండే పత్తిని చూసి ఉండడు. తన ఊరి రైతుల తట్టలలో చచ్చిపోతున్న పురుగులను చూసి మాత్రమే ఆయన తన జీవితాన్ని ఆ పనికి అంకితం చేశాడు. పేరు కోసం గాని, ధనం కోసం గాని ఆ పని చేయలేదు. చూపు తగ్గుతున్నా, లోకం పట్టించుకోకున్నా, తన ఊహ తప్పని తేలినా ఆయన వెనుదీయలేదు. కష్టానికి కారణమేమిటో తెలుసుకోవాలన్న ఒక్క పట్టుదలే ఆయనను నడిపించింది. ఆ పట్టుదల ఫలితం సముద్రాలు దాటి, శతాబ్దాలు దాటి వచ్చింది. సాయంకాలం వేళ ఆళ్లగడ్డ చేలలో పిచికారీ చేసే ప్రతి బవేరియా బిందువులోనూ, చూపు పోతున్నా సత్యాన్ని చూడగలిగిన ఒక రైతు శ్రమ దాగి ఉంది.